ఎలుక వేషం చిన్నదేం కాదు

న్యూజెర్సీలో మా చుట్టుపక్కల తెలుగు ఇళ్ల నుంచి బ్యాలేకి వెళ్లే పిల్లలు ఇప్పుడు కొంతమంది కనిపిస్తున్నారు. మా అమ్మాయీ బ్యాలేకి వెళ్తుంది కాబట్టి వాళ్ల అమ్మానాన్నలు నన్ను మొదట అడిగేది దాదాపు ఒకటే: "ఇన్నాళ్లు నేర్పిస్తున్నారు కదా, పాపకి స్కూల్‌వాళ్లు సోలో ఎప్పుడిస్తారండీ?" కూచిపూడిలో రంగప్రవేశం అని ఒక పెద్ద రోజు ఉంటుంది, ఆ రోజు స్టేజ్ అంతా మన అమ్మాయిదే, కాబట్టి అలా అడగడంలో తప్పులేదు. కానీ బ్యాలే స్కూల్ పద్ధతి వేరు. అక్కడ పిల్లల్ని ఏడాది పొడుగునా ఏదో ఒక పెద్ద పనిలో పెట్టి, అందులో చిన్న వాటా ఇచ్చి నేర్పిస్తారు. క్లాసులో బార్ (పట్టుకుని సాధన చేసే అడ్డకర్ర) పట్టుకుని నేర్చుకున్నదానికంటే ఆ చిన్న వాటాల్లోనే మా అమ్మాయి ఎక్కువ నేర్చుకుందని నేను గట్టిగా నమ్ముతాను.

సెప్టెంబర్‌లో స్కూల్ మొదలవగానే, క్రిస్మస్‌కి ఆడే నట్‌క్రాకర్ అనే బ్యాలే కోసం ఆడిషన్. పిల్లల్ని వరసలో నిలబెట్టి మార్చ్ చేయిస్తారు, గెంతమంటారు, ఎత్తు కొలుస్తారు. ఎత్తు ఎందుకంటే కాస్ట్యూమ్స్ ఎప్పటివో ఉంటాయి, వాటికి సరిపోయే పిల్లల్ని చూసుకుంటారు. చక్కగా చేసిన పిల్లకి కూడా రెండంగుళాలు ఎక్కువ ఉన్నందుకు వేషం రాకపోవచ్చు. ఈ సంగతి ఆడిషన్‌కి ముందే ఇంట్లో మాట్లాడి పెట్టుకుంటే తర్వాత ఏడుపులు తగ్గుతాయి.

పిల్లలకి ఇంత చోటు ఇవ్వడం కొత్తగా పుట్టిన అలవాటు కాదు. 1892 డిసెంబర్‌లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని మారిన్‌స్కీ థియేటర్‌లో నట్‌క్రాకర్ మొదటిసారి ఆడినప్పుడే పిల్లల వేషాలు అక్కడి ఇంపీరియల్ స్కూల్ విద్యార్థులు వేశారు. ఆ స్కూల్లోనే చదువుకున్న జార్జ్ బాలన్‌షీన్ కూడా చిన్నప్పుడు అందులో రాకుమారుడి వేషం వేశాడు. అమెరికా వచ్చాక 1934లో లింకన్ కర్‌స్టీన్‌తో కలిసి స్కూల్ ఆఫ్ అమెరికన్ బ్యాలే పెట్టాడు, 1954లో న్యూయార్క్ సిటీ బ్యాలే కోసం తన నట్‌క్రాకర్ తయారుచేసినప్పుడు పిల్లలకే పెద్దపీట వేశాడు. ఈరోజుకీ లింకన్ సెంటర్‌లో ఒక్కో షోలో ఆ స్కూల్ పిల్లలు అరవై మందికి పైగా ఉంటారు, రెండు బృందాలు మార్చి మార్చి ఆడతాయి. 12 అడుగుల క్రిస్మస్ చెట్టు కళ్లముందే 41 అడుగులకి పెరుగుతుంటే ఆ కింద ఉన్నది ఒక చిన్న పిల్ల. చూసే మనకి చెట్టు అంత పెద్దదిగా అనిపించేది ఆ పిల్ల వల్లే.

మా అమ్మాయి వెళ్లేది అంత పెద్ద స్కూల్ కాదు, ఊళ్లో థియేటర్ అద్దెకి తీసుకుని ఆడతారు. నట్‌క్రాకర్ కథలో ఎలుకల రాజు సైన్యం బొమ్మ సైనికులతో యుద్ధం చేస్తుంది, అమ్మాయికి అందులో ఎలుక వేషం వచ్చింది. బొచ్చు తల తొడిగితే నోటి దగ్గరున్న వల గుడ్డలోంచి తప్ప ఏమీ కనపడదు, తన కాళ్లు తనకే కనపడవు, పక్కనున్న ఎలుక ఎక్కడుందో అంతకన్నా తెలీదు. దాంతో పాట వినడం తప్ప దారి లేదు. రెండు నెలల శనివారాలు ఆ కొన్ని నిమిషాల యుద్ధం కోసమే పోయాయి, చివరికి కారులో ఆ సంగీతం వస్తే ఎక్కడ సైనికుల మీద పడాలో, ఎక్కడ రాజుని మోసుకుపోవాలో కళ్లు మూసుకుని చెప్పేది. తెనాలి నుంచి వచ్చి ఉన్న మా అత్తయ్య మాత్రం "మొహమే కనపడకపోతే మనవరాలిని గుర్తుపట్టేదెట్లాగమ్మా?" అని దిగులుపడ్డారు. "ఎడమ పక్క నుంచి మూడో ఎలుకని నేనే నానమ్మా, తోక చేత్తో పట్టుకుని పరిగెత్తేదాన్ని" అని ఇది ధైర్యం చెప్పింది.

అయితే ఆ డిసెంబర్‌లో అసలు పాఠం వింగ్స్‌లో, అంటే స్టేజ్ పక్కన తెరల చాటున, జరిగింది. నట్‌క్రాకర్‌లో ముఖ్యమైన షుగర్ ప్లమ్ అనే దేవకన్య వేషానికి బయటి నుంచి ప్రొఫెషనల్ డాన్సర్‌ని పిలుస్తారు. షోకి గంట ముందు ఆవిడ స్టేజ్ వెనక మోసుకొచ్చే బార్ దగ్గర, కాళ్లకి ఉన్ని మేజోళ్లు వేసుకుని, తాందులు చేసుకుంటోంది. అంటే పాదం నేలకి రాస్తూ చాచి వెనక్కి తీసుకోవడం, అంతే. మా అమ్మాయి ఇంట్లో "రోజూ అదే, బోర్" అని గొణిగేది సరిగ్గా ఆ పని గురించే. ఆవిడ నెమ్మదిగా మొదలుపెట్టి, ఒక వైపు అయ్యాక రెండో వైపు తిరిగి, ఎవరూ చూడనట్టు చేసుకుంటూ పోయింది. ఎలుకలన్నీ నోరు మూసుకుని గోడవారగా కూర్చుని చూశాయి. ఆ తర్వాత మా ఇంట్లో తాందుల మీద గొణుగుడు వినపడలేదు. నేనూ వాళ్ల నాన్నా ఎంత చెప్పినా అది జరిగేది కాదు.

జనవరి తర్వాత స్కూల్ వేరేవి మొదలుపెడుతుంది, వీటిని చాలామంది తల్లిదండ్రులు "అదనం" అని డుమ్మా కొట్టిస్తారు, అదే నాకు బాధ. ఒక ఫిజియోథెరపిస్ట్ వచ్చి మడమ, తుంటి ఎలా తిరుగుతాయో చూపిస్తుంది. క్లాసులో పియానో వాయించే ఆవిడ ఒక పూట కూర్చోబెట్టి, వాల్ట్జ్‌, మజుర్కా అనే రెండు యూరప్ నాట్యాలకీ లెక్క మూడే అయినా వాల్ట్జ్‌లో ఊపు మొదటి దెబ్బ మీద, మజుర్కాలో రెండో మూడో దెబ్బ మీద పడుతుందని వాయించి చూపించింది. తిశ్రం చేతి మీద వేసిన పిల్ల కదా, ఇది చటుక్కున పట్టుకుంది. కూచిపూడి దానికి ఇంకోలా కూడా అక్కరకొచ్చింది, అరమండిలో కూర్చుని కూర్చుని మోకాళ్లు పక్కలకి తెరుచుకోవడం ముందే అలవాటైంది. ఇబ్బందల్లా నేల దగ్గర: అక్కడ పాదం గట్టిగా మోగాలి, ఇక్కడ గెంతి దిగితే చప్పుడు రాకూడదు.

ఫిబ్రవరిలో పిల్లల్ని వృద్ధాశ్రమానికి తీసుకెళ్లారు. స్టేజ్ లేదు, కర్టెన్ లేదు, డైనింగ్ హాల్లో బల్లలు జరిపి, నున్నటి టైల్స్ మీద జారకుండా చేయాలి. ఒక్కో పిల్ల మైక్ తీసుకుని ఒక్కో స్టెప్ పేరు చెప్పి చేసి చూపించాలి. మాట్లాడాలంటే టెన్షన్ పడే పిల్లలు అక్కడ గొంతు విప్పారు. నా లెక్కలో ఇది ఏ పోటీకీ తీసిపోదు.

పోటీల మాట ఎత్తాను కాబట్టి: 1999లో మొదలైన యూత్ అమెరికా గ్రాండ్ ప్రీ అనే బ్యాలే పోటీలో నెగ్గితే పెద్ద స్కూళ్ల స్కాలర్‌షిప్పులు వస్తాయి, నిజమే. కానీ నిమిషమో రెండు నిమిషాలో ఉండే ఒక్క వేరియేషన్ (ఒంటరిగా చేసే చిన్న నాట్యం) కోసం చిన్నపిల్ల ఏడాదంతా పోవడం నాకిష్టం లేదు. ఇంకాస్త పెద్దయ్యాక తనే కావాలంటే చూద్దాం.

కాలివేళ్ల కొసల మీద నిలబడడానికి వేసుకునే పాయింట్ షూస్ గురించి ఒక మాట. వయసొచ్చింది కదా అని ఇచ్చేవి కావవి, చీలమండ బలం చూసి టీచర్ సరేనంటేనే. జత వంద డాలర్ల పైనే, అరిగిపోవడం మాత్రం చాలా త్వరగా. మా స్కూల్లో పెద్ద పిల్లలు రిబ్బన్లు కుట్టుకోవడం చిన్నవాళ్లకి నేర్పిస్తారు. సూదిలో దారం ఎక్కించడం కూడా రాని పిల్లలు అక్కడ మునిగిపోయి కుడతారు. రంగు సంగతి మనకి ముఖ్యం. బ్యాలేలో మామూలుగా వేసే గులాబీ రంగు టైట్స్ మన పిల్లల ఒంటికి కలవవు, కాలి గీత నడుము దగ్గరే తెగిపోయినట్టుంటుంది. న్యూయార్క్‌లోని నల్లజాతి డాన్సర్ల బృందం డాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెమ్ 1970లలోనే ఒంటి రంగు టైట్స్, షూస్ మొదలుపెట్టింది. షూస్‌కి ఆ డాన్సర్లు మొహానికి రాసే ఫౌండేషన్ పూసుకునేవారు. లండన్‌లో షూస్ చేసే ఫ్రీడ్ కంపెనీ, అక్కడి బ్యాలే బ్లాక్ బృందంతో కలిసి గోధుమ రంగు పాయింట్ షూస్ తెచ్చింది 2018లో. అంతదాకా చాలామందికి పూసుకోవడమే. మా స్కూల్లో ఒంటి రంగు టైట్స్ వేసుకోనిస్తారు, అందుకు వాళ్లంటే నాకు గౌరవం.

వేసవి వచ్చేసరికి మనవాళ్లకి అసలు చిక్కు. సమ్మర్ ఇంటెన్సివ్‌లు (సెలవుల్లో రోజంతా నేర్పే క్లాసులు) సరిగ్గా మనం ఇండియా వెళ్లే వారాల్లోనే పడతాయి. స్కూల్ ఆఫ్ అమెరికన్ బ్యాలేది అయితే ఐదు వారాలు. తెనాలిలో తాతయ్య ఎదురుచూస్తుంటారు, ఇక్కడేమో ఫ్రెండ్స్ అందరూ వెళ్తున్నారు. మేము జూన్ షో అవగానే ఇండియా వెళ్లి, ఆగస్టులో ఊళ్లో జరిగే చిన్న ఇంటెన్సివ్‌లో చేర్పించాం. ఈ వయసుకి అది చాలు.

ఈ సెప్టెంబర్‌కి ఎలుక కాస్ట్యూమ్ ఎలాగూ పట్టదు. అబ్బాయిలు తక్కువ కాబట్టి నట్‌క్రాకర్ మొదట్లో వచ్చే పార్టీ సీన్‌లో అబ్బాయి వేషం వచ్చినా వేస్తానంటోంది. అత్తయ్యకి ఫోన్‌లో చెబితే ఏం ఆశ్చర్యపోలేదు. ఆడవేషాలకి పేరుపొందిన కూచిపూడి కళాకారుడు వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామని చూసిన మనిషి, "అబ్బాయిలా నడవడం ముందు నేర్చుకోమను" అన్నారు.

చేర్పిద్దామనుకునేవాళ్లు స్కూల్‌కి వెళ్లినప్పుడు ఫీజుతో పాటు ఇవి కూడా అడగండి: ఏడాదిలో చిన్న పిల్లలు ఎన్నిసార్లు స్టేజ్ ఎక్కుతారు, పియానో ఉందా లేక స్పీకరేనా, పాయింట్ ఎప్పుడన్నది ఎవరు చెబుతారు, టైట్స్ ఏ రంగువి వేసుకోనిస్తారు, షో రోజుల్లో తల్లిదండ్రులు ఎన్ని గంటలు పనిచేయాలి. జుట్టుకి బన్ (ముడి) వేయడం వచ్చినవాళ్లకి డ్రెస్సింగ్ రూమ్‌లో డ్యూటీ పడుతుంది, హెయిర్‌పిన్నులు మాత్రం మీరే దండిగా తీసుకెళ్లండి.