బల్ల కింద నుంచి పైకి చూస్తే

ఇటలీలోని వెనిస్‌లో హోటల్ రేట్లు చూసి, దగ్గర్లోని పాదువా ఊళ్లో దిగాం. లోకల్ రైల్లో అరగంటే కదా అనుకున్నాం. వెనిస్ గురించి నేనేమీ రాయను. నా మనసంతా పాదువాలోనే ఉండిపోయింది.

అక్కడి పాత యూనివర్సిటీ భవనం పలాజ్జో బో. సొంతంగా తిరగనివ్వరు, గైడు వెంట వెళ్లాల్సిందే. టికెట్ రైలు ఛార్జీ కంటే ఎక్కువ, పైగా చాలాసేపు కాచుక్కూర్చోవాలి. ఆ విసుగుతోనే లోపలికి వెళ్లాను.

లోపల చూడాల్సింది 1595లో ఫాబ్రీచి అనే ప్రొఫెసర్ కట్టించిన మందిరం, వైద్య విద్యార్థులకి శవాలను కోసి చూపించే చోటు. పైకి ఎక్కనివ్వరు. శవాన్ని ఉంచే బల్ల ఉన్న చోటుకి సరిగ్గా కింద నిలబెడతారు. తలెత్తితే మా ఊరి దిగుడు బావి అడుగు నుంచి చూస్తున్నట్టే ఉంది. కోడిగుడ్డు ఆకారంలో ఆరు వరసలు, అక్రోట్ చెక్క రెయిలింగ్‌లు. కూర్చునే వీల్లేదు. విద్యార్థులు ఒకరినొకరు ఒరుసుకుంటూ, కొవ్వొత్తుల వెలుగులో వంగి చూసేవారు. శవం పాడవకుండా ఉండాలని చలికాలంలోనే కోసేవారు.

అంతకు ముందు ఇదే ఊళ్లో వైద్య పాఠం చెప్పిన వెసేలియస్, శవాలను స్వయంగా కోసి చూసి, ప్రాచీన గ్రీకు వైద్యుడు గాలెన్ మనిషి శరీరం గురించి చెప్పిందాంట్లో చాలావరకు జంతువుల శరీరాల్లో చూసిందేనని పట్టుకున్నాడు. 1543లో ఆయన పుస్తకం వచ్చింది. సిరల్లో కవాటాలను వర్ణించిన ఫాబ్రీచి దగ్గర చదువుకున్న ఇంగ్లండ్ వైద్యుడు హార్వీ, 1628లో రక్తప్రసరణ ఎలా జరుగుతుందో లోకానికి చెప్పాడు. ఈరోజు నా బీపీ చూసే డాక్టరు చదువుకి మూలం ఇలాంటి గదుల్లోనే ఉంది.

ఆ బల్ల మీద పడుకోబెట్టింది ఎక్కువగా మరణశిక్ష పడినవాళ్లని. నీ శరీరం ఇస్తావా అని వాళ్లని ఎవరూ అడగలేదు. గైడు ఆ మాట చెప్పి ముందుకి నడిచింది. నాకు మాత్రం కాళ్లు కదల్లేదు.

మా తాతయ్య తన దేహాన్ని మెడికల్ కాలేజీకి రాసిచ్చారు. ఏడేళ్లయింది. అప్పగించడానికి నాన్నతో నేనూ వెళ్లాను. ఆ ఫార్మలిన్ వాసన ఇంకా గుర్తే. "కొరివి పెట్టే భాగ్యం కూడా లేకుండా చేశాడు" అని పెదనాన్న ఏడ్చారు. ఆ తర్వాత ఇంట్లో ఎవరమూ ఆ ఊసెత్తలేదు. తాతయ్య చుట్టూ కూడా పిల్లలు ఇలాగే వంగి నిలబడి ఉంటారని అక్కడ, ఆ చీకట్లో తలెత్తి చూసినప్పుడే నాకు మొదటిసారి తట్టింది.

బయట వరండాలో కూర్చుని పెదనాన్నకి ఫోన్ చేశాను. చూసిందంతా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

"వాళ్ల పేర్లు రాశారట్రా అక్కడ?"

"నాకైతే కనపడలేదు పెదనాన్నా."

"మీ తాతయ్య సంతకం పెట్టిన కాగితం నా బీరువాలోనే ఉంది. వచ్చినప్పుడు చూపిస్తాను."