రోజర్ అనేశాను

పదకొండు దాటింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. పొద్దున ఏడున్నరకి హామ్ రేడియో మైకులో అన్న ఒక్క మాట మాత్రం నన్ను పడుకోనివ్వడం లేదు.

హామ్‌లంతా గాలి మీద కలుసుకునే మా నెట్‌లో రాజమండ్రి మాస్టారు నన్ను పిలిచి ఏదో చెప్పారు. ఫార్టీ మీటర్స్ (7 మెగాహెర్ట్జ్) బ్యాండు మీద నాయిస్, అంటే గరగర, మీటరులో ఎస్ నైన్ దగ్గర, మంచి సిగ్నలంత బలంగా తిష్ఠ వేసుకుని ఉంది. ఆ బరబరలో నాకు దొరికింది "మంగళవారం" ఒక్కటే. అప్పటికే రెండుసార్లు మళ్లీ చెప్పించుకున్నాను. "కాపీ అయిందా అమ్మాయ్?" అన్నారు. మూడోసారి అడగడానికి మొహం చెల్లక "రోజర్ మాస్టారూ, చాలా సంతోషం" అనేశాను. రోజర్ అంటే చెప్పింది పూర్తిగా అందిందని. ఆయన ఒక్క క్షణం ఆగి, "సరేనమ్మా, సెవెంటీ త్రీ" అన్నారు, అంటే మా భాషలో శుభాకాంక్షలతో సెలవు. ఆ ఆగడం ఇంకా చెవిలోనే ఉంది.

మెట్ల దగ్గర ఎల్ఈడీ లైట్లు మార్చినప్పటి నుంచీ ఇదే గోల. అసోసియేషన్ వాళ్లకి మూడుసార్లు చెప్పాను. "శబ్దమేం రావట్లేదు కదండీ" అంటారు. చెవికి కాదు, రేడియోకి వస్తుంది అంటే, "అయితే రేడియో మార్చి చూడండి" అంటారు. పోయిన నెల పాడైన లైటు డ్రైవర్ (లైటుకి కరెంటు అందించే పెట్టె) ఒకటి వాచ్‌మన్ చెత్తలో వేయబోతుంటే అడిగి తెచ్చుకుని విప్పాను. కరెంటు లోపలికొచ్చే చోట ఫిల్టర్ కాయిల్‌కి జాగా ఉంది. నాలుగు కన్నాలు పెట్టి, పక్కన తెల్ల అక్షరాలతో ఎల్1 అని అచ్చు కూడా వేశారు. కాయిల్ మాత్రం లేదు. దాని బదులు రెండు తీగముక్కలు అడ్డంగా పెట్టి టంకం వేసేశారు. బోర్డు గీసినవాళ్లకి అక్కడ ఏముండాలో తెలుసు. తెలిసి, నాలుగు రూపాయలు మిగుల్చుకోవడానికి ఎగ్గొట్టారు. లోపల స్విచ్చింగ్ సెకనుకి వేలసార్లు ఆన్, ఆఫ్ అవుతుంటే, వడకట్టేది లేక ఆ మురికంతా అయిదంతస్తుల వైరింగ్‌లోకి ఎక్కుతుంది. ఆ వైరింగే దానికి యాంటెన్నా. ఈ సంగతి రాస్తుంటేనే మళ్లీ ఒళ్లు మండుతోంది.

నాన్నయితే ఇంత కోప్పడేవారు కాదు. రేడియోని తిప్పేవారు.

1996 నవంబర్ తుపాను అప్పుడు నాకు పదేళ్లు. ఇంటి ముందు కొబ్బరి చెట్లన్నీ ఒకే వైపుకి పడిపోయాయి. కరెంటు స్తంభాలు చేలల్లో పడుకున్నాయి. అరుగు మీద నాన్న ట్రాన్సిస్టర్ ఒక్కటే బతికి ఉంది. సెల్స్ నీరసించిపోతే పగలంతా ఎండలో ఆరబెట్టి, సాయంత్రం మళ్లీ వేసేవారు. ఆకాశవాణి విజయవాడ, 837 కిలోహెర్ట్జ్. వీధంతా వచ్చి అరుగు మీదా గుమ్మంలోనూ కూర్చునేది. ముమ్మిడివరం, ఐ.పోలవరం, కాట్రేనికోన అని ఊళ్ల పేర్లు వస్తుంటే ఆడవాళ్లు నోటికి చెంగు అడ్డం పెట్టుకునేవారు. మా పెద్దత్త వాళ్లది ఐ.పోలవరమే. వాళ్ల కబురు తెలిసేసరికి ఆరు రోజులు పట్టింది. చెప్పకూడదు గానీ, రేడియో అంత శుభ్రంగా నేను మళ్లీ ఎప్పుడూ వినలేదు. చుట్టుపక్కల ఎక్కడా కరెంటు లేదు కదా, గరగర పుట్టడానికి ఏమీ లేదు. న్యూస్‌రీడర్ ఊపిరి తీసుకోవడం కూడా వినపడేది.

కరెంటు వచ్చాక గరగరా వచ్చింది. అప్పుడే నాన్న వెనక మూత తీసి చూపించారు. వేలెడు నల్లటి కడ్డీ, దాని చుట్టూ రాగి తీగ. "ఇది ఎటు తిరిగితే గరగర వినపడదో చూడు, స్టేషన్ సంగతి తర్వాత" అన్నారు.

మేడ మీద నేను పెట్టిన లూప్ యాంటెన్నా కూడా అదే జాతి. మీటరు అడ్డకొలత అల్యూమినియం గొట్టం. చుట్టుకొలత మూడు మీటర్ల పైచిలుకు, నలభై మీటర్ల తరంగానికి పదో వంతు కూడా లేదు. అంత చిన్నదానికి అందేది బొట్టంత సిగ్నల్, అందుకే రేడియోకి చేరేముందే దాన్ని పెంచే ప్రీయాంప్. మొదట తెచ్చుకున్నదానికి ముప్ఫై డీబీ గెయిన్ (సిగ్నల్‌ని పెంచే శక్తి). గెయిన్ ఉంటే చాలనుకున్నాను. ఆన్ చేస్తే 7 మెగాహెర్ట్జ్ మీద అడుగడుగునా ఆకాశవాణి హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్ మాటలు! ఊళ్లో ఉన్న మీడియం వేవ్ స్టేషన్ బలానికి తట్టుకోలేక, స్టేషన్ లేని చోట కూడా దాని గొంతు పుట్టించేది. ఈ బ్యాండులో ఆకాశం చేసే నాయిస్ ముందు ట్రాన్సిస్టర్ నాయిస్ ఏపాటిది? కావలసింది తట్టుకునే ఓపిక. తర్వాత రెండు 2ఎన్5109 ట్రాన్సిస్టర్లు బరువు పంచుకునే పుష్-పుల్ ప్రీయాంప్ కట్టాను. అడాప్టర్ తీసేసి బ్యాటరీ పెట్టాను. ఇంటి మురికి కేబుల్ పైతొడుగు పట్టుకుని పైకి పాకకుండా ఫెరైట్ రింగుకి పన్నెండు చుట్లు చుట్టాను.

ఇంత చేసి, తిప్పలేదు. చట్రం ముఖం ఎటు చూస్తే అటు నుంచి వచ్చేది లూప్‌కి వినపడదు. మెట్లు లూప్‌కి తూర్పున ఉన్నాయి. రాజమండ్రీ తూర్పే. మెట్ల వైపు చెవి మూస్తే మాస్టారికీ మూసినట్టే కదా అని.

పొద్దున ఆ "చాలా సంతోషం" తర్వాత ఉండబట్టలేకపోయాను. మావారు బట్టలారేయడానికి మేడెక్కితే ఫోన్ చేసి, "ఆ చట్రాన్ని మెట్లకి ఎదురుగా, అద్దం పట్టినట్టు నిలబెట్టండి" అన్నాను. మీటరు ఎస్ ఫోర్‌కి దిగిపోయింది. మాస్టారు మాత్రం అలాగే ఉన్నారు, గొంతులో జీరతో సహా! ఆయన మాట మూడు వందల యాభై కిలోమీటర్లు నేల మీద పాకి రాదు. పైకి వెళ్లి, పై వాతావరణంలోని అయనోస్ఫియర్ పొర తిప్పి కొడితే, బాగా ఎత్తు నుంచి దిగుతుంది. లూప్‌కి చెవుడు నేల బారుగానే. నెలల తరబడి లైట్లని తిట్టాను, చట్రాన్ని ఒక్క పావు చుట్టు తిప్పలేదు.

అప్పటికి ఆయన నెల్లూరు స్టేషన్‌తో మాట్లాడుతున్నారు. ప్రతి అక్షరం అందింది. మంగళవారం కంటి ఆపరేషన్‌ట. ఉన్న ఒక్క కన్నుకేనట. కాస్త భయంగా ఉందన్నారు. అప్పటి నుంచి రెండు వారాలు గాలి మీదికి రారు. నేను మధ్యలో దూరడానికి "బ్రేక్" అనేలోపు అందరికీ నమస్కారం చెప్పేశారు. రెండుసార్లు పిలిచాను, పలకలేదు.

"ఫోన్ చేయొచ్చుగా" అన్నారు మావారు. అన్న చోటే దిద్దుకోవాలని చేయలేదు. ఇప్పుడు రాస్తుంటే, ఆయన భయం కంటే నా పట్టుదల ఎక్కువైందా అనిపిస్తోంది. రేపు ఏడుకి నెట్‌లో లేకపోతే వెంటనే ఫోన్ చేస్తాను.

బ్యాటరీ ఛార్జింగ్‌లో ఉంది. ఆరున్నరకి లేచి ముందు ఆ ఛార్జర్ పీకేయాలి, అదీ నాయిస్ చేస్తుంది.