రెండు చెంచాల కాఫీ

అన్నం తింటుంటే పొలమారితే మా అమ్మ తలమీద తట్టి, "ఎవరో తలుచుకుంటున్నార్రా" అనేది. గుంటూరు మిర్చి యార్డులో ఇరవై ఆరేళ్లు గుమస్తాగా చేశాను. కొత్త సరుకు దిగే రోజుల్లో ఆ ఘాటుకి దగ్గుతూ, తుమ్ముతూనే చీటీలు రాసేవాళ్లం. అలాంటి నా గొంతులో నీళ్లు ఊపిరితిత్తుల్లోకి జారుతున్నా దగ్గు రాకుండా పోతుందని ఎవరైనా అంటే నవ్వేవాణ్ని.

ఓ తెల్లవారుజామున తల తిరిగి పడిపోయాను. వాంతులు, ఆగని ఎక్కిళ్లు. గ్యాస్ అనుకుని సోడా తాగబోతే ముక్కులోంచి తిరిగొచ్చింది. కొత్తపేటలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లారు. మెదడు అడుగున, వెన్నుపాము మొదలయ్యే చోట మెడుల్లా అని ఉంటుందట. అందులో ఎడమ పక్కకి రక్తం అందక దెబ్బ తిందని ఎమ్మారైలో తేలింది. మింగడాన్ని నడిపించేది అక్కడే. కాళ్లూ చేతులూ ఆడుతున్నాయి, బుర్ర నిక్షేపంగా ఉంది. గొంతు బొంగురుపోయింది గానీ మాట వస్తోంది. మింగుడే పోయింది. ఉమ్మి కూడా గిన్నెలో ఊయాల్సిందే.

ముక్కులోంచి పొట్టలోకి రైల్స్ ట్యూబ్ వేశారు. నిద్రలో లాగేశానట. మళ్లీ వేశాక చేతులకి గుడ్డ సంచుల్లాంటివి కట్టారు. మెలకువగా ఉన్నంతసేపైనా విప్పమంటే, సిస్టరు మా అబ్బాయి వంక చూసింది. వాడు వద్దన్నాడు. డాక్టరు గారు కూడా నా మంచం పక్కనే నిలబడి వాడితోనే మాట్లాడేవారు. "పేషెంటుకి నోటి ద్వారా ఏమీ ఇవ్వొద్దు." ఆ పేషెంటు ఎవరో వేరే ఊళ్లో ఉన్నట్టు.

పన్నెండో రోజు మా ఆవిణ్ని బతిమాలాను. "వద్దండీ" అంటూనే రెండు చెంచాల కాఫీ పోసింది. దగ్గు రాలేదు. "చూశావా, ఏమైంది?" అన్నాను గర్వంగా. మూడో రోజుకి జ్వరం, ఆయాసం. న్యుమోనియా.

కాఫీ వల్ల వచ్చిందో, ఉమ్మి లోపలికి జారి వచ్చిందో డాక్టరు గారు కూడా తేల్చి చెప్పలేదు. నోరు శుభ్రంగా లేకపోతే ఉమ్మే చాలట. మా చుట్టాలకి మాత్రం తేలిపోయింది. "చేజేతులా చంపుకునేదానివే" అని మా వదిన అందరి ముందూ అనేసింది. అడిగింది నేను, తాగింది నేను, తిట్లు మాత్రం ఆవిడకి. ఇప్పటికీ నాకు మింగుడు పడనిది అదే.

జ్వరం తగ్గాక స్పీచ్ థెరపిస్టు అమ్మాయి వచ్చింది. "మాట వస్తోందిగా తల్లీ, నీతో పనేంటి?" అన్నాను. మింగుడు కూడా వాళ్ల పనేనట. ఎక్స్‌రేలో కనిపించే బేరియం అనే మందు మింగించి, అది పోయే దారిని ఎక్స్‌రే వీడియో తీసి, నాకే చూపించింది. బేరియం గీత పక్కదారి పట్టి శ్వాసనాళంలోకి పోతోంది, నేనేమో ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాను. అప్పుడడిగింది, "మీకేం కావాలి అంకుల్?" అని. ఇరవై రోజుల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి.

మింగుడు రావడానికి నెల దాటేట్టుంది కాబట్టి పొట్టకే నేరుగా గొట్టం వేద్దామన్నారు. పెగ్ అంటారు. మా అబ్బాయి అప్పటికే సరేననేశాడు. నేను వద్దన్నాను. "ఆకలితో పోతావా నాన్నా?" అని అరిచాడు. వాడి కళ్లలో నీళ్లు. ఆ అమ్మాయి మా ఇద్దరి మధ్యా కుర్చీ వేసుకుంది. "వద్దనే హక్కు మీకుంది, కానీ ఏది వద్దంటున్నారో తెలుసుకుని అనండి" అంది. కోలుకుంటే తీసేయొచ్చట. అది వేశాక కూడా రుచికి కాస్త నోట్లో వేసుకోవచ్చట: పళ్లు తోముకుని, నిటారుగా కూర్చుని, తల బలం లేని ఎడమ పక్కకి తిప్పి, చిక్కటిది అరచెంచా. ప్రమాదం పూర్తిగా పోదని కూడా చెప్పింది. అది తెలిసే నేను ఒప్పుకున్నానని డాక్టరు గారి చేత కేసు షీటులో రాయించింది. రేపు ఏదైనా అయితే మా ఆవిణ్ని ఎవరూ అనకుండా. పెగ్‌కి అప్పుడు సరేనన్నాను. చేతుల సంచులు ఆ పూటే విప్పేశారు.

తర్వాత ఇంటి దగ్గర నెలల తరబడి వ్యాయామాలు, రాగిజావ. జావ చిక్కదనం చూడ్డానికి మా ఆవిడ 10 మిల్లీలీటర్ల సిరంజిలో పోసి, 10 సెకన్లు కారనిచ్చేది. 4 నుంచి 8 మిల్లీలీటర్లు మిగిలితేనే నాకు పెట్టేది. యార్డులో మేం తూకం కూడా అంత పట్టింపుగా చూసుండం. అయిదో నెలలో పెగ్ తీసేశారు. ఇప్పుడు గోంగూర పచ్చడి కూడా తింటున్నాను, తల ఎడమకి తిప్పి. పెళ్లి భోజనాల్లో ఎడమ పక్కన కూర్చున్నవాళ్లు ఏదో అడుగుతున్నాననుకుంటారు.

ఈమధ్య కోర్టు దగ్గర నోటరీతో లివింగ్ విల్ రాయించాను, అంటే కోలుకోలేని స్థితి వస్తే ఏ వైద్యం వద్దో ముందే చెప్పిపెట్టే కాగితం. సుప్రీంకోర్టు 2018లోనే ఒప్పుకుంది. 2023లో పద్ధతి తేలిక చేసింది, ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ఉంటే చాలు. కోలుకునే ఆశ లేకుండా, మాట్లాడలేని స్థితిలో పడితే నా తరఫున చెప్పాల్సిన మనిషిగా మా ఆవిడ పేరు పెట్టాను.

మా అబ్బాయి నొచ్చుకున్నాడు. "కాఫీ ఇచ్చిందనేగా అమ్మ పేరు రాశావు?" అన్నాడు. నవ్వులాటకో, దెప్పడానికో తెలియలేదు. అవునన్నాను.