వేలు ఎత్తితేనే ఏనుగు

విశాఖలో గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా సిటీ బస్సులో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో ఆడగలిగే ఫోన్ ఆట నాకు ఇదొక్కటే దొరికింది. పేరు రోడియో స్టాంపీడ్. ఆస్ట్రేలియాకి చెందిన ఫెదర్‌వెయిట్ వాళ్లు చేసిన ఆట, 2016లో వచ్చింది. సెలవులకొచ్చిన మేనల్లుడు నా ఫోన్లో ఎక్కించి వెళ్లాడు.

గడ్డిమైదానంలో జంతువుల మంద పరిగెడుతుంటుంది. మన కౌబాయ్ దున్న మీద ఉంటాడు. తెర మీద వేలు నొక్కి ఉంచినంతసేపూ సవారీ. వేలు తీస్తే గాల్లోకి లేస్తాడు, కింద గుండ్రంగా ఉచ్చు కనబడుతుంది. అందులోకి ఏ జంతువొస్తే మళ్లీ నొక్కి దాని మీదికి దూకాలి. కొత్త జంతువు మీద కాసేపు నిలదొక్కుకుంటే మచ్చికై, ఆకాశంలో తేలే మన జూకి చేరుతుంది. ఆ జూకి వచ్చే జనం వల్ల నాణేలు, నాణేలతో ఆవరణల పెంపకం. ఈ జూ లెక్కలు నాకు పెద్దగా పట్టవు.

అసలు చిక్కు సవారీలోనే ఉంది. ఏ జంతువూ మనల్ని ఎక్కువసేపు మోయదు. కోపమొచ్చి విదిలించి పారేస్తుంది. హాయిగా కుదురుకున్నామనుకునేలోపే గాల్లోకి లేవాలి. పక్కన కూర్చుని మావాడు ఒకటే కేకలు: "ఏటత్తా, అలా అంటుకుపోయి కూకున్నావు! ఒగ్గీ, ఒగ్గీ!" నేను ఆడిన మిగతా ఆటలన్నీ నొక్కుడే నొక్కుడు. ఇక్కడ వేలు ఎప్పుడు ఎత్తాలో తెలియాలి. దూరం పోయేకొద్దీ ఉచ్చు చిన్నదైపోతుంది, అరుదైన రకాలేమో ఆ దూరంలోనే తిరుగుతుంటాయి.

ఏనుగు చిక్కినప్పుడు బస్సు ఎన్‌ఏడీ కూడలి దగ్గర ట్రాఫిక్‌లో ఉంది. జీబ్రా మీంచి నిప్పుకోడి మీదికి దూకాను. అది కుదిపేస్తుంటే ఇక పడ్డాననుకుని వేలు తీశాను. ఉచ్చు అంచున బూడిద రంగు వీపు! నా అరుపుకి కండక్టరు వెనక్కి తిరిగి చూశాడు.

మంద లోంచి ఏది వస్తుందో ముందు తెలియకపోవడమే నన్ను పట్టేసింది. కంబాలకొండ పక్కన మన ఇందిరాగాంధీ జూలోనూ అంతే కదా. మిట్టమధ్యాహ్నం వెళ్తే పులి చెట్టు చాటున పడుకుని తోక కూడా చూపించదు. అయినా ఆ కంచె దగ్గరే నిలబడతాం.

ప్రకటనలు మాత్రం విసిగిస్తాయి. డేటా ఆపేసి ఆడతాను, ఆటకేమీ కాదు. డబ్బు పెట్టి నాణేలు కొనుక్కునే వీలుంది గానీ, దాని జోలికి పోలేదు. ఇప్పుడు మైదానం దాటి అడవికొచ్చాను. గొరిల్లా ఇంకా చిక్కలేదు.