ఐరన్ పక్కన అంకె: నాకు జరిగింది

కోపం చల్లారకముందే రాస్తున్నాను. మాది ఒడిశాలోని రాయగడ. ఏడో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, తర్వాత ఇంగ్లిష్ మీడియంలో చేరాను.

అయానిక సమ్మేళనాల, అంటే ప్లస్, మైనస్ విద్యుదావేశాలున్న అయాన్లు కలిసి ఏర్పడేవాటి, ఫార్ములాలు మొదట్లో తేలిగ్గానే వచ్చాయి. సోడియం ప్లస్ ఒకటి, క్లోరైడ్ మైనస్ ఒకటి, కాబట్టి ఎన్ఏసీఎల్. కాల్షియం ప్లస్ రెండు, దానికి రెండు క్లోరైడ్లు కావాలి, అందుకని సీఏసీఎల్2. సల్ఫేట్, నైట్రేట్, అమ్మోనియం లాంటివి మాత్రం విద్యుదావేశంతో సహా బట్టీ పట్టాల్సిందే.

గొడవంతా ఇనుముతోనే. క్లాస్ టెస్టులో ఎఫ్ఈ2ఓ3 (ఇనుములు రెండు, ఆక్సిజన్లు మూడు) పేరు అడిగారు. ఐరన్ త్రీ ఆక్సైడ్ అని, మూడుని రోమన్ అంకెలో బ్రాకెట్‌లో పెట్టి రాశాను. సార్ దాన్ని కొట్టేసి, పేపరు పైకెత్తి అందరికీ చూపించారు. "ఐరన్‌లు రెండుంటే మూడెక్కడిది? తెలుగు మీడియం నుంచి వస్తే ఇంతే" అన్నారు. క్లాసంతా నవ్వింది. మన తెలుగు పిల్లలు కూడా నవ్వారు, అది ఇంకా కడుపులో మండుతూనే ఉంది.

మా పెద్దమ్మగారి అబ్బాయి దమన్‌జోడిలో అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) ప్లాంటులో పనిచేస్తాడు. ఆదివారం ఇంటికొస్తే పేపరు చూపించాను. "నువ్వు రాసిందే కరెక్ట్ చెల్లీ. ఆ అంకె ఇనుములు ఎన్నున్నాయో చెప్పదు, ఒక్కోదాని మీద ఎంత ఆవేశముందో చెబుతుంది" అన్నాడు. ఆక్సిజన్లు మూడు, ఒక్కోటి మైనస్ రెండు, మొత్తం మైనస్ ఆరు. దాన్ని రెండు ఇనుములు సరిచేయాలంటే ఒక్కోటి ప్లస్ మూడు ఉండాలి. బాక్సైట్ ఖనిజం నుంచి అల్యూమినా తీశాక మిగిలే బురద ఎర్రగా ఉండేది ఈ ఐరన్ ఆక్సైడ్ వల్లే అని కూడా చెప్పాడు. అల్యూమినా ఏఎల్2ఓ3, కానీ అల్యూమినియం అయాను ఎప్పుడూ ప్లస్ మూడే కాబట్టి దాని పేరులో అంకె అక్కర్లేదు.

రాగిని చూస్తే సార్ లెక్క ఎంత తప్పో తెలుస్తుంది. సీయూ2ఓలో రాగులు రెండు, కానీ పేరు కాపర్ వన్ ఆక్సైడ్. ఎర్రగా ఉంటుంది. కాపర్ టూ ఆక్సైడ్ అంటే సీయూఓ, నల్లగా ఉంటుంది. సార్ పద్ధతిలో ఈ రెండు పేర్లూ తారుమారైపోవా?

ఇదే నోట్‌బుక్‌లో రాసి సార్‌కి చూపించాను. "ముందు సిలబస్ చదువు" అని మూసేశారు. పిల్లల్ని నిలబెట్టి పరువు తీసే ముందు ఒక్కసారి లెక్క వేసి చూడొద్దా?

మీరు మాత్రం పేరు రాసే ముందు నెగెటివ్ వైపు మొత్తం కూడండి, దాన్ని లోహం అయాన్ల సంఖ్యతో భాగించండి, వచ్చిందే రోమన్ అంకె. పాత పుస్తకాల్లో ఇనుముకి ఫెర్రస్ అంటే ప్లస్ రెండు, ఫెర్రిక్ అంటే ప్లస్ మూడు. మా బెంచీలో అందరికీ ఇలాగే నేర్పాను, ఇప్పుడు ఎవరూ తడబడటం లేదు. నా మార్కు మాత్రం సార్ ఇంకా కలపలేదు. వచ్చే పేరెంట్స్ మీటింగుకి నాన్నగారితో పాటు ఆ పేపరు కూడా తీసుకెళ్తున్నాను.