విక్టోరియన్ల ఫొటోలు, మా తాతయ్య ఫొటో

విక్టోరియన్లు, అంటే విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండ్‌వాళ్లు, చనిపోయినవాళ్లను ఇనుప స్టాండుకు కట్టి, నిలబెట్టి ఫొటోలు తీసేవారన్నది అబద్ధం. ఇంగ్లండ్‌లో పిల్లల్ని పెంచుతున్నవాళ్లకు ఈ మాట ముందే చెప్పాలి. స్కూల్లో విక్టోరియన్ల పాఠం మొదలైతే చాలు, పిల్లలు ఆన్‌లైన్‌లో ఆ ఫొటోలు వెతికి చూసి రాత్రి భయపడతారు. మా అమ్మాయీ అంతే.

ఆ స్టాండు బతికున్నవాళ్లకే. ఫొటో పడేదాకా కొన్ని సెకన్లు తల కదలకుండా వెనక నుంచి పట్టి ఉంచేది, శవం బరువు మోసేంత బలం దానికి లేదు. చనిపోయినవాళ్లకు నిజంగా తీసిన ఫొటోల్లో మనిషి మంచం మీద నిద్రపోతున్నట్టే కనిపిస్తాడు. పసివాళ్లయితే ఒక్కోసారి అమ్మ ఒళ్లో ఉంటారు. అప్పట్లో ఇంగ్లండ్‌లో పుట్టిన వెయ్యిమందిలో దాదాపు 150 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. 1839లో ప్రపంచానికి తెలిసిన ఫొటో అంత చవక కాదు కాబట్టి, చాలామంది తల్లులకు బిడ్డ గుర్తుగా మిగిలింది ఆ ఒక్క ఫొటోనే. ఇది చెప్పాక మా అమ్మాయి భయం పోయింది. హాల్లో తాతయ్య ఫొటో ముందు నిలబడి, "ఇది ఎప్పుడు తీశారు?" అని అడిగింది. పెన్షన్ కాగితాల కోసం దిగిన చిన్న ఫొటోని పెద్దది చేయించి, అద్దం మీద కుంకుమ బొట్టు పెట్టి, గంధపు దండ వేశాం. ఆయన నవ్వుతూ దిగిన ఫొటో ఒక్కటీ దొరకలేదు.

ఇంగ్లండ్‌లో సముద్రం పక్కనున్న విట్బీ ఊరి మ్యూజియంలో జెట్ నగలు చూపించాను. శిలాజంగా మారిన చెట్టు కలప అది, తారులా నల్లగా మెరుస్తుంది. 1861లో భర్త ఆల్బర్ట్ పోయాక విక్టోరియా రాణి 1901లో తాను పోయేదాకా నలుపే కట్టింది, దాంతో ఈ నగలకు గిరాకీ బాగా పెరిగింది. పోయినవాళ్ల జుట్టు బ్రూచ్‌లో, అంటే బట్టలకు గుచ్చుకునే పిన్ను నగలో, పెట్టుకునేవారని చెబితే అమ్మాయి ముఖం చిట్లించింది. మనవాళ్లు జుట్టు తీయించుకుంటారు, వీళ్లు దాచుకున్నారు.

అయితే అప్పట్లో భర్త పోయిన ఆడది రెండేళ్లకు పైగా నల్లబట్టల్లో ఉండాల్సి వచ్చేది, భార్య పోయిన మగవాడు మాత్రం కొన్ని నెలలకే మామూలుగా తిరిగేవాడు. ఈ తేడా దగ్గర మన పద్ధతులూ పెద్ద గొప్పవేం కాదు. తాతయ్య తద్దినానికి పిల్లలే విస్తళ్లు వేస్తారు, గారెలు వడ్డిస్తారు. అది వాళ్లకు అందాలని నా పట్టుదల. బొట్టు చెరిపి గాజులు తీసే తంతు మాత్రం మా అత్తయ్యకు జరగనివ్వలేదు. ఎందుకు ఒద్దన్నామో అమ్మాయికి దాచకుండా చెప్పాను.