కౌసల్య కూడా వెళ్ళలేదు పెళ్ళికి

మావాడి పెళ్ళి శ్రావణ శుద్ధంలో డల్లాస్ లో అయింది, మేము బెంగళూరులో ఉన్నాం. మా వారికి స్టెంట్ వేసి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు, అంతంత సేపు ఫ్లైట్ వద్దన్నారు డాక్టర్ గారు, ఈయన్ని, 84 ఏళ్ళ మా అత్తగార్ని వదిలేసి నేనొక్కదాన్నీ ఎలా పోతాను. ముహూర్తం మార్చుకుందామా అమ్మా అని మావాడు అడిగాడు గానీ ఆడపెళ్ళివాళ్ళు హాలు అవీ అన్నీ మాట్లాడేసుకున్నారు, వద్దులే నాన్నా కానివ్వండి అని నేనే అన్నాను. అని ఫోన్ పెట్టేసి వంటింట్లోకెళ్ళి బాగా ఏడ్చాను.

అత్తగారు హాల్లోంచి విన్నట్టున్నారు. "ఏవే, కౌసల్య మాత్రం వెళ్ళిందా రాముడి పెళ్ళికి?" అన్నారు.

నిజం చెప్పొద్దూ, నాకా ఆలోచన ఎప్పుడూ రాలేదు. ప్రతి శ్రీరామనవమికీ టీవీలో భద్రాచలం కళ్యాణం చూస్తాను, పానకం కలుపుతాను, కానీ వరుడి తల్లి ఎక్కడుందీ అని మాత్రం వెతకలేదు. ఆ రాత్రి బాలకాండ తీసి కూర్చున్నా. జనకుడి దూతలు దారిలో 3 రాత్రులు గడిపి అయోధ్యకి వస్తారు, దశరథుడు సభలో వసిష్ఠుడితో, వామదేవుడితో, మంత్రులతో మాట్లాడి మర్నాడే బయల్దేరతాడు, 4 రోజుల ప్రయాణం, వెంట ఋషులు, సైన్యం, ధనం బళ్ళు అన్నీ ఉన్నాయి. రాణుల మాట లేదు. అక్కడ పెళ్ళి అయిపోతుంది, పరశురాముడు అడ్డు రావడమూ అయిపోతుంది, అందరూ తిరిగొచ్చేస్తారు, అప్పుడు 77వ సర్గలో కనిపిస్తుంది ఆ తల్లి.

"కౌసల్యా చ సుమిత్రా చ కైకేయీ చ సుమధ్యమా
వధూప్రతిగ్రహే యుక్తా యాశ్చాన్యా రాజయోషితః"

కౌసల్య, సుమిత్ర, సన్నని నడుము గల కైకేయి, మిగతా రాజస్త్రీలు కోడళ్ళని లోపలికి తీసుకునే పనిలో ఉన్నారు, అంతే. (విశేషణం మాత్రం కైకేయికే ఇచ్చాడు మహానుభావుడు!) కొడుకు పెళ్ళి అవుతుంటే ఇక్కడ ఆవిడ ఏం చేసిందో వాల్మీకి రాయలేదు. కానీ అయోధ్యకాండలో పట్టాభిషేకం కబురు చెప్పడానికి రాముడు వెళ్ళేసరికి ఆవిడ ప్రాణాయామం చేస్తూ జనార్దనుణ్ణి ధ్యానిస్తూ ఉంటుంది, వనవాసం సంగతి చెప్పడానికి వెళ్ళినప్పుడు పట్టుచీర కట్టుకుని హోమం చేయిస్తూ ఉంటుంది. మంచి కబురొచ్చినా చెడ్డ కబురొచ్చినా ఆవిడ కూర్చున్న చోటు అదే. అందుకని మిథిలలో పెళ్ళి జరిగే రోజు కూడా అక్కడే ఉండుంటుందని నా నమ్మకం. పైగా ఆవిడకి లైవ్ లింకు కూడా లేదు పాపం, పెళ్ళి ఎప్పుడైందో ఎలా అయిందో మళ్ళీ కబురు వస్తేనే తెలియాలి.

ఇంకో సంగతి. జనకుడు దశరథుడితో ఇవాళ మఖ, మూడోనాడు ఉత్తర ఫల్గుని, ఆ రోజు పెళ్ళి చేద్దాం అంటాడు. మావాడిదీ ఉత్తరా నక్షత్రంలోనే పడింది, అది చూసి నాకు ఒళ్ళు జలదరించింది. అక్కడ పొద్దున్న 9:48, మనకి రాత్రి 8:18. రాత్రి పూట ఇదేం ముహూర్తం అని మా వారికి సందేహం, తిథి నక్షత్రం ప్రపంచమంతటికీ ఒకే క్షణంలో మారతాయి, లగ్నం మాత్రం ఏ ఊరిది ఆ ఊరికే కట్టాలి, పెళ్ళి అక్కడ కాబట్టి అక్కడి లగ్నమే అని పంతులుగారు ఫోన్లో చెప్పాక గానీ ఆయన ఊరుకోలేదు.

ముందురోజు గాంధీబజార్ వెళ్ళి మల్లెపూలు, తమలపాకులు, అరటిపళ్ళు తెచ్చాను. పసుపు దంచడానికి రోలు ఎక్కడిదీ ఫ్లాట్ లో, యాలకులు దంచుకునే చిన్న ఇత్తడిదే ఉంది, దానికే తోరం కట్టి అయిదుగురు ముత్తయిదువల్ని పిలిస్తే ముగ్గురు కన్నడవాళ్ళే, పాట రాకపోయినా తలా రెండు దెబ్బలు వేసి "ఒళ్ళేదాగలి" అని దీవించి వెళ్ళారు. పెళ్ళిరోజు సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టి, టీవీకి ల్యాప్‌టాప్ కలిపి, ముగ్గురం పట్టుబట్టలు కట్టుకుని సోఫాలో కూర్చున్నాం. మా స్థానంలో పీటల మీద మా మరిది, తోటికోడలు. ఆ అమ్మాయి ఎంత బాగా చేసిందో, అయినా నా చోట్లో ఇంకొకళ్ళని చూస్తుంటే కడుపులో ఎక్కడో కలుక్కుమంది, దాచుకోవడం ఎందుకు.

తర్వాత ప్రవర మొదలైంది. మిథిలలో ఇక్ష్వాకు వంశాన్నంతా వసిష్ఠుడు చెప్పాడు, తన వంశం జనకుడు తనే చెప్పుకున్నాడు, మనకి మూడు తరాలు చాలు. అక్కడి పురోహితుడు గోత్రం చెప్పి, ముత్తాత పేరు చెప్పి, "పౌత్రాయ" అంటూ మా మామగారి పేరు చెప్పాడు. ఆయన పోయి 19 ఏళ్ళు. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి అత్తగారి నోట ఆ పేరు నేను వినలేదు, "మీ మామగారు" అనే అంటారు. ఎక్కడో డల్లాస్ హాల్లో మైకులో ఆ పేరు వినపడగానే ఆవిడ కాళ్ళు సోఫా మీద నుంచి కిందికి దించి, పైట భుజం మీదుగా కప్పుకుని, సర్దుకుని కూర్చున్నారు, ఆయనే గదిలోకి వచ్చినట్టు. రెండోసారి చెప్పారు, మూడోసారీ చెప్పారు. ఆవిడ కళ్ళు టీవీ మీదే ఉన్నాయి.

ఇంక జీలకర్ర బెల్లం టైముకి సరిగ్గా బొమ్మ ఆగిపోయింది. గుండ్రం తిరుగుతోంది తిరుగుతోంది, మా వారు రౌటర్ దగ్గరికి పరిగెత్తబోతే నేను గట్టిగా కేకేశాను, కూర్చోండి మీరు పరిగెత్తకూడదు అని. గడియారం 8:18. అక్షతలు చేతిలో ఉన్నాయి, ఎక్కడ వెయ్యాలి? అత్తగారు వెళ్ళి పూజ గూట్లో సీతారాముల మీద వేసేశారు, వెనకే మేమూ వేశాం. బొమ్మ వచ్చేసరికి తెర తీసేశారు, ఇద్దరి తలల మీదా జీలకర్ర బెల్లం, మావాడు కెమెరా వైపు చూసి నవ్వుతున్నాడు. మిస్ అయ్యాననే బాధ నాకు వస్తుందనుకున్నాను గానీ రాలేదండీ, ఎందుకో తెలీదు, వెయ్యాల్సిన చోటే వేశాం అనిపించింది.

కార్తీకంలో వస్తున్నారు ఇద్దరూ. వాల్మీకి కౌసల్యకి ఇచ్చిన పని ఇప్పుడు నాకొచ్చింది. అయోధ్యలో కోడళ్ళని లోపలికి తీసుకోగానే ముందు దేవాలయాలకి తీసుకెళ్ళి పూజ చేయించారట, మేము కూడా బసవనగుడిలో దొడ్డ గణపతి దగ్గరికి వెళ్దామనుకున్నాం. మొన్న కోడలు పిల్ల ఫోన్ చేసి "అత్తయ్యా, బియ్యం చెంబు కుడికాలితోనే కదా తన్నాలి, గట్టిగా తన్నాలా మెల్లగానా?" అని అడిగింది. మెల్లగా చాలమ్మా, ఎదురుగా షూ ర్యాక్ ఉంది అన్నాను. అత్తగారిది ఇంకో పేచీ, హారతి లిఫ్ట్ దగ్గరే ఇవ్వాలట, గుమ్మం దాకా ఎందుకు నడిపించడం అని. కారిడార్ లో కర్పూరం వెలిగిస్తే పైన అలారం మోగుతుంది అత్తయ్యగారూ అంటే, "మోగనీవే, పెళ్ళికి మేళం ఎలాగూ పెట్టలేదుగా" అంటున్నారు.